పద్నాలుగు దుకాణాలు, ఒక్క ఫంక్షన్: ప్రాజెక్టు డైరీ

జూన్ 9, 2025, సోమవారం

మిర్చి సీజన్ సద్దుమణిగింది. ఏనుమాముల మార్కెట్ మీదుగా బండి మీద వెళ్తే తుమ్ములు రావడం లేదు, మాకు అదే క్యాలెండర్. మళ్లీ పత్తి మొదలయ్యేదాకా మూడు నెలల పైచిలుకు ఉంది. ఆలోపు డేటాబేస్‌లో ఉన్న కోడ్ మొత్తం గిట్‌లోకి, అంటే ఎప్పుడు ఏం మారిందో చరిత్రతో సహా కోడ్ దాచే చోటికి, రావాలని ఇవాళ పొద్దున నలుగురం కూర్చుని అనుకున్నాం. ఎందుకు అనుకున్నామో ఇక్కడ రాసిపెడుతున్నా. లేకపోతే ఆగస్టు నాటికి మేమే మరిచిపోయి "ఇప్పుడు ఇదంతా ఎందుకు" అంటాం.

మాది హన్మకొండలో చిన్న ఆఫీసు. అడ్తి దుకాణాలకు (రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ దుకాణాలు), కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కాంటా తూకం ఎక్కించడం, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క కాగితం) తీయడం, హమాలీ లెక్క, రైతు తీసుకున్న అడ్వాన్సు, ఏ గదిలో ఎవరి బస్తాలు ఎన్ని ఉన్నాయి, ఇదీ పని. కస్టమర్లు 14 మంది: 11 దుకాణాలు, 3 కోల్డ్ స్టోరేజీలు. ఎవరి సర్వర్ వాళ్ల దగ్గరే ఉంటుంది. అన్నింట్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్.

స్క్రీన్ల కోడ్ ఆరేళ్లుగా గిట్‌లోనే ఉంది. అసలు లెక్కలు మాత్రం డేటాబేస్ లోపల ఫంక్షన్లలో, అంటే ఒక్కో లెక్కకి పేరు పెట్టి దాచిన కోడ్ ముక్కల్లో, ఉన్నాయి. వాటికి ఇల్లూ వాకిలీ లేదు. ఏదైనా మార్చాలంటే మా సీనియర్ అన్న రిమోట్‌లో ఆ సర్వర్ ఎక్కుతాడు, పోస్ట్‌గ్రెస్‌ని చూడ్డానికి, దిద్దడానికి వాడే పీజీఅడ్మిన్ తెరుస్తాడు, ఫంక్షన్ దిద్దుతాడు, రన్ కొడతాడు. "అయిపాయె" అంటాడు. నిజంగానే అయిపోతుంది, ఆ ఒక్క దుకాణానికి.

ఏప్రిల్‌లో ఒక దుకాణంలో తక్‌పట్టీ ఫంక్షన్లు కొత్తవి ఎక్కించింది నేను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ పాతదని నాకు తెలియదు. అన్న జనవరిలో అక్కడ హమాలీ లెక్కలో చేసిన మార్పు నా ఫైల్ కింద పడి పోయింది. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా 46 తక్‌పట్టీలు తప్పుగా వచ్చాయి. ఒక్కోదాంట్లో తేడా పదిహేను రూపాయలు కూడా లేదు. కానీ హమాలీల మేస్త్రీ చిట్టీ ఒక లెక్క చెప్తోంది, మా కాగితం ఇంకో లెక్క చెప్తోంది. గుమాస్తా ఫోన్ చేసి "మీ కంప్యూటర్ కంటె నా కాలుక్లేటర్ నయం" అన్నాడు. సేటు ఒక్క మాట కూడా అనలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ముందురోజు రాత్రి బ్యాకప్‌ని వేరే డేటాబేస్‌లోకి విప్పి, అందులోంచి పాత ఫంక్షన్ బయటికి లాగి పెట్టేసరికి గంటన్నర పట్టింది. బ్యాకప్‌లు మేం ఏడు రోజులవే ఉంచుతాం. ఈ తప్పు ఎనిమిదో రోజు బయటపడి ఉంటే ఆ ఫంక్షన్ అన్న జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా దొరికేది కాదు.

జూన్ 11

ముందు ఎంత ఉందో లెక్క తీశాం. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ఫంక్షన్ వివరం పీజీ_ప్రోక్ అనే కేటలాగ్ పట్టికలో ఉంటుంది. పీజీ_గెట్_ఫంక్షన్‌డెఫ్ అని అడిగితే మళ్లీ రన్ చేసుకునేలా మొత్తం కోడ్ ఇచ్చేస్తుంది. చిన్న స్క్రిప్టు రాసి 14 సర్వర్ల నుంచీ తెప్పించాం.

మా ఆఫీసు డేటాబేస్‌లో ఫంక్షన్లు, ప్రొసీజర్లు కలిపి 61, వ్యూలు (పట్టికలా కనబడే దాచిన ప్రశ్నలు) 19, ట్రిగ్గర్లు (డేటా మారగానే తమంతట తామే నడిచేవి) 9. ఒక దుకాణంలో ఫంక్షన్లే 66 తేలాయి. ఎక్కువ వచ్చిన అయిదింటి పేర్ల చివర ఓల్డ్, ఓల్డ్2, న్యూ, న్యూఫైనల్, టెస్ట్ అని ఉంది. ఇది కూడా ఒక రకం వెర్షన్ కంట్రోలే అని తమ్ముడు నవ్వాడు. తమ్ముడంటే మా జూనియర్, కాజీపేట నుంచి వస్తాడు. నవ్వు సరే, ఆ అయిదింట్లో న్యూఫైనల్ అనేదాన్ని ఒక రిపోర్టు ఇప్పటికీ పిలుస్తోంది. తీసేయడానికి లేదు.

జూన్ 13

ఏప్రిల్‌లో కొంప ముంచిన హమాలీ ఫంక్షన్‌తోనే మొదలుపెట్టాం. 14 కాపీలకు ఎండీ5, అంటే ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది, తీసి పక్కపక్కన పెడితే 9 రకాలు వచ్చాయి. అన్న ముఖం చూడాలి.

"తొమ్మిది తీర్ల నేనెప్పుడు రాసిన్రా?"

రాయలేదు. రెండు ఫైళ్లు, తేడాలు చూపించే డిఫ్‌లో పెడితే ప్రతి లైనూ మారిందని చూపిస్తోంది, కళ్లతో చూస్తే అక్షరం తేడా లేదు. కారణం లైను చివర కనబడని గుర్తు. విండోస్‌లో పీజీఅడ్మిన్ నుంచి సేవ్ చేసిన ఫంక్షన్‌లో ప్రతి లైను చివర రెండు గుర్తులు పడ్డాయి, నా లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి వెళ్లినవాటిలో ఒకటే. పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్ ఒంటిని మనం ఎలా ఇస్తే అలాగే దాచుకుంటుంది, సర్దదు. ఆ గుర్తులు, లైను చివర ఖాళీలు తీసేసి మళ్లీ పోల్చితే 9 కాస్తా 4 అయ్యాయి. గిట్‌లో కూడా ఈ బాధ రాకుండా గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఎస్‌క్యూఎల్ ఫైళ్లన్నీ ఒకే గుర్తుతో ఉండాలని మొదటి కమిట్‌లోనే రాసేశాం (గిట్‌లో ఒకసారి దాచిన మార్పుని కమిట్ అంటారు). ఇది ముందు చేయకుండా ఫైళ్లు ఎక్కించి ఉంటే చరిత్రంతా దొంగ మార్పులతో నిండిపోయేది.

జూన్ 16

మిగిలిన ఆ నాలుగింటితోనే ఇవాళంతా గడిచింది. ఒకటి ఉత్త కామెంట్ తేడా. ఫంక్షన్ నెత్తిన ఒక లైను: "సేటు ఫోన్ చేసిండు, ముట్టుకోవద్దు." ఏ సేటు, ఎప్పుడు, దేని గురించి? రాసిన అన్నకే గుర్తు లేదు.

తక్కిన మూడూ నిజమైన తేడాలు. లెక్క కోసం బస్తాకు హమాలీ 8 రూపాయల 45 పైసలు, బస్తాలు 23 అనుకుందాం. గుణిస్తే 194.35. మొదటి రకం మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దుతుంది: 194. రెండో రకం మొత్తాన్ని పై రూపాయికి ఎత్తుతుంది: 195. మూడోది ముందే బస్తా రేటుని 8 చేసి, దాన్ని 23తో గుణిస్తుంది: 184. కోడ్‌లో చూస్తే మొదటిదానికీ మూడోదానికీ తేడా ఒక్క లైనే. రౌండ్ అనే మాట బ్రాకెట్ బయట ఉందా లోపల ఉందా, అంతే. ఆ బ్రాకెట్ జరిగితే ఒక తక్‌పట్టీలో పది రూపాయలు జరుగుతాయి. ఏప్రిల్‌లో నేను తొక్కింది ఈ మూడో రకాన్నే.

ఇందులో ఏది సరైనది? నేను 184 తప్పు, బగ్ అన్నాను. అన్న వినలేదు. "నువ్వు ఇక్కడ కూసోని తప్పంటవ్. ఓసారి అడుగు" అని ఆ దుకాణానికి ఫోన్ కలిపాడు. గుమాస్తా ఏ మాత్రం తడుముకోలేదు: "మేస్త్రీతోని ఒప్పుకున్న లెక్క గదే సార్. బస్తాకు చిల్లర పట్టం." 195 దుకాణం వాళ్లనూ అడిగాం, వాళ్లది వాళ్ల ఒప్పందం.

అంటే మూడూ సరైనవే. అందులో ఏదో ఒకటి ఎంచి గిట్‌లో పెట్టి అందరికీ ఎక్కించి ఉంటే ఏప్రిల్ గొడవ ఒక్క దుకాణంతో ఆగేది కాదు. నేను ఇన్నాళ్లూ దీన్ని ఫైళ్లు సర్దే పని అనుకున్నాను. ఏది మా కోడ్, ఏది దుకాణం ఒప్పందం అని విడదీయడమే అసలు పని అని ఇవాళ ఆ గుమాస్తాతో మాట్లాడాక తెలిసింది. ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. చిల్లర సర్దే పద్ధతి దుకాణం సెట్టింగుల పట్టికలో ఒక కాలమ్‌గా ఉండాలి. అన్న ఒప్పుకున్నాడు, కొంచెం కష్టంగానే. లైవ్‌లో దిద్ది కస్టమర్‌తో అక్కడికక్కడే శభాష్ అనిపించుకునే అలవాటు ఆయనది.

జూన్ 17

అన్నతో వాదన మళ్లీ. "కోడ్ డేటాబేస్‌ల ఉన్నది కదా. మళ్ల ఫైల్ల ఎందుకు? రెండు జాగలైతే రెండూ తప్పుతయి." మంచి ప్రశ్నే. నేను తిరిగి ఒక్కటే అడిగాను: ఏప్రిల్ 1న ఈ ఫంక్షన్ ఎట్లుండె? డేటాబేస్ ఇవాళ్టిది చెప్తుంది, నిన్నటిది చెప్పదు. రెండు జాగల గొడవ మాత్రం నిజమే. దానికి మేం పెట్టుకున్న కట్టుబాటు: ఇక నుంచి ఫైలే అసలు, డేటాబేస్‌లో ఉన్నది దాని నకలు. పీజీఅడ్మిన్‌లో చూడొచ్చు, దిద్దొద్దు.

జూన్ 28

61 ఫంక్షన్లకూ ఇదే పని చేసేసరికి పన్నెండు రోజులు పట్టింది. 44 అన్నిచోట్లా ఒకటే. 17లో నిజమైన తేడాలు, వాటిలో 6 దుకాణం ఒప్పందాలు కాబట్టి సెట్టింగుల్లోకి వెళ్లాయి. మిగతావి పాత బగ్గులు: ఒకచోట సరిచేసి, మిగతా పదమూడు చోట్ల మరిచిపోయినవి.

ఒక్కో వస్తువుకు ఒక్కో ఫైల్ పెట్టాం. ముందు పీజీ డంప్ అనే పనిముట్టుతో స్కీమా, అంటే పట్టికలు, ఫంక్షన్ల నిర్మాణం, మొత్తం ఒకే ఫైల్‌గా తీసి కమిట్ చేద్దామనుకున్నాం, సులువు కదా అని. ఒక ఫంక్షన్ చరిత్ర చూడాలంటే వేల లైన్ల ఫైల్‌లో వెతుక్కోవాల్సి వస్తోంది. ఫంక్షన్‌కో ఫైల్ ఉంటే గిట్ లాగ్‌కి ఆ ఫైల్ పేరిస్తే చాలు, దాని జాతకం వచ్చేస్తుంది.

ఇవాళే ఒక తెలివితక్కువ పని కూడా జరిగింది. సర్వర్ల చిట్టా ఉన్న ఫైల్‌ని తమ్ముడు పాస్‌వర్డులతో సహా కమిట్ చేశాడు. వెంటనే చూసుకుని తర్వాతి కమిట్‌లో తీసేశాడు, "పోయింది అన్నా" అన్నాడు. పోదు. పాత కమిట్‌లో అలాగే ఉంటుంది, ఎవరైనా వెనక్కి వెళ్లి చదవొచ్చు. 14 పాస్‌వర్డులూ మార్చాం. అందులో పదకొండు ఒకటే పాస్‌వర్డ్ అని అప్పుడు తెలిసింది. ఈ విషయం ఇంతటితో వదిలేస్తున్నా.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న డేటా ఒక్క వరుస కూడా గిట్‌లోకి రాకూడదని కూడా రాసుకున్నాం. పరీక్షలకు ఉత్తుత్తి పేర్లతో చిన్న డేటా ఫైల్ చేశాం. అన్నట్టు, మిర్చి రకాల పట్టికలో చపాటా అనే పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఉంది, ఒక దుకాణంలో టమాటా మిర్చి అని ఇంకో వరుస. ఈ ఏడాదే ఆ మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా పట్టికలో మాత్రం దానికి ఇంకా గుర్తింపు రాలేదు.

జూలై 3

ఖాళీ డేటాబేస్ తీసుకుని, గిట్‌లో ఉన్న ఫైళ్లతోనే మొత్తం కట్టి చూడడం మేం పెట్టుకున్న పరీక్ష. కట్టగలిగితేనే గిట్‌లో ఉన్నది నిజం.

నా ల్యాప్‌టాప్‌లో రెండు గంటల్లో అయింది. ఒక వింత కనబడింది: రెండేళ్ల కింద తీసేసిన పట్టికను వాడే ఫంక్షన్ ఒకటి హాయిగా క్రియేట్ అయిపోయింది. పీఎల్ పీజీఎస్‌క్యూఎల్ అనే పోస్ట్‌గ్రెస్ సొంత భాషలో రాసిన ఫంక్షన్‌కి వ్యాకరణం సరిపోతే చాలు, లోపల చెప్పిన పట్టిక ఉందా లేదా అన్నది రన్ అయినప్పుడే చూస్తుంది. కట్టడం పాసైనంత మాత్రాన సంబరపడొద్దని అర్థమైంది. ముఖ్యమైన ఫంక్షన్లను ఆ ఉత్తుత్తి డేటాతో పిలిచి చూసే చిన్న పరీక్షలు రాశాం. 23 బస్తాల లెక్క అందులో మొదటిది.

తర్వాత తమ్ముడి విండోస్ మిషన్‌లో అవే ఫైళ్లు పీఎస్‌క్యూఎల్ అనే కమాండ్ లైన్ పనిముట్టుతో నడిపితే తక్‌పట్టీ శీర్షికలు ఇచ్చే వ్యూ దగ్గర ఎర్రర్: 0ఎక్స్8డీ అనే బైటుకి సాటి అక్షరం లేదట. ఇంకో చిన్న వ్యూ ఎర్రర్ లేకుండా ఎక్కింది. తెరిచి చూస్తే "తూకం", "రకం" ఉండాల్సిన చోట అర్థం పర్థం లేని అక్షరాల కుప్ప.

సగం రోజు దీనికే పోయింది, కానీ కారణం తెలిశాక ముచ్చటేసింది. మా ఫైళ్లు యూటీఎఫ్-8, అంటే అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి, ఎన్‌కోడింగ్. విండోస్‌లో పీఎస్‌క్యూఎల్ వాటిని 1252 అనే పాత ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతోంది. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. పొల్లుకి చివరి బైటు 8డీ, కొమ్ముకి 81. ఈ రెండు బైట్లకూ 1252లో ఏ అక్షరమూ లేదు. ఒత్తు లోపల కూడా పొల్లే ఉంటుంది. కాబట్టి పొల్లు, ఒత్తు, కొమ్ము ఉన్న మాట దగ్గర పోస్ట్‌గ్రెస్ ఆగి అరుస్తుంది. "తూకం", "రకం"లో అవేవీ లేవు (తూలో ఉన్నది కొమ్ము దీర్ఘం, దాని బైటు వేరు). అందుకే నోరెత్తకుండా చెత్తగా లోపలికి పోయాయి. అంటే ఒత్తులున్న మాటలే మమ్మల్ని కాపాడాయి. పీజీ క్లయింట్ ఎన్‌కోడింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని యూటీఎఫ్-8 అని పెడితే సర్దుకుంది.

జూలై 8

భద్రకాళి గుడిలో శాకంబరీ ఉత్సవాలు, అటువైపు రోడ్డంతా జనం. అన్న గుడికి వెళ్లొచ్చి పదకొండింటికి కూర్చున్నాడు. ఫైళ్లని సర్వర్లలోకి ఎక్కించడానికి ఏ పనిముట్టు అన్నది ఇవాళ తేలింది. ఫ్లైవే. లిక్విబేస్, స్క్విచ్ కూడా చూశాం. ఫ్లైవేలో ఉత్త ఎస్‌క్యూఎల్ ఫైళ్లే రాసుకోవచ్చు, అన్నకి కొత్త భాష నేర్పనక్కర్లేదు. ఎంపికకి అదే కారణం, ఇంకే గొప్ప కారణమూ లేదు.

పట్టికల మార్పులు వీ అనే అక్షరం, నంబరుతో మొదలయ్యే ఫైళ్లు. ఒక్కసారే నడుస్తాయి, ఏది ఎప్పుడు నడిచిందో ఆ డేటాబేస్‌లోనే ఒక చరిత్ర పట్టికలో రాసుకుంటుంది. ఫంక్షన్లు, వ్యూలు ఆర్‌తో మొదలయ్యే ఫైళ్లు. ఫైల్ మారినప్పుడల్లా మళ్లీ నడుస్తాయి. మాకు కావాల్సింది ఈ ఆర్ ఫైళ్లే: ఫంక్షన్‌ని అదే ఫైల్‌లో దిద్దుతాం, గిట్‌లో డిఫ్ శుభ్రంగా కనబడుతుంది. ఆర్ ఫైళ్లు పేరులోని వివరణ వరుసలో నడుస్తాయి కాబట్టి, ఫంక్షన్ల మీద ఆధారపడ్డ వ్యూల పేర్ల ముందు పెద్ద నంబర్లు పెట్టాం.

జూలై 19

తమ్ముడు వీ7 ఫైల్ రాశాడు, కోల్డ్ స్టోరేజీ లాట్ పట్టికలో కొత్త కాలమ్. నడిపితే ఫ్లైవే అంతా తాజాగానే ఉందని చెప్పింది. కాలమ్ మాత్రం లేదు. మళ్లీ నడిపాం, మళ్లీ అదే మాట. గంట సేపు కనెక్షన్లు, యూజర్ హక్కులు, ఏ డేటాబేస్‌లో ఉన్నాం అని వెతికాం. చివరికి టీ తాగొచ్చి చూస్తే ఫైల్ పేరులో నంబరు తర్వాత ఒక్క అండర్‌స్కోరే ఉంది, రెండు ఉండాలి. పేరు పద్ధతి ప్రకారం లేకపోతే ఫ్లైవే దాన్ని అసలు ఫైల్‌గానే లెక్కచేయదు, చెప్పదు కూడా. పేర్లు కూడా తనిఖీ చేయమనే సెట్టింగ్ ఒకటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాం.

అదే రోజు సాయంత్రం నా వంతు. ఇప్పటికే నడిచిన వీ4 ఫైల్‌లో ఒక కామెంట్‌లో స్పెల్లింగ్ తప్పు కనబడి దిద్దాను. పట్టిక జోలికే పోలేదు. తర్వాత నడిపితే చెక్‌సమ్ (ఫైల్ వేలిముద్ర) కలవడం లేదని ఆపేసింది. నడిచిపోయిన ఫైల్‌ని అక్షరం కూడా ముట్టుకోవద్దు, మార్పు కావాలంటే కొత్త నంబరుతో కొత్త ఫైల్. అన్నకి చెప్పిన రూల్‌ని నేనే తప్పాను, ఆయన మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

మొదటి నిజం దుకాణం. ఆదివారం మార్కెట్ ఉండదు కాబట్టి ఇవాళ పెట్టుకున్నాం. బ్యాకప్ తీసి, పాత స్థితిని బేస్‌లైన్‌గా, అంటే లెక్క ఇక్కడి నుంచి మొదలు అని, గుర్తుపెట్టి, మార్పులు నడిపాం. తూకం కాలమ్ రకం మార్చే దగ్గర మొదటి అడ్డం: ఆ కాలమ్‌ని వ్యూలు వాడుతున్నంత సేపు పోస్ట్‌గ్రెస్ మార్చనివ్వదు. వ్యూలు తీసేసి, కాలమ్ మార్చితే, ఆర్ ఫైళ్లు వాటిని మళ్లీ కట్టుకుంటాయి అనుకున్నాం. కానీ వ్యూ ఫైల్ మారకపోతే ఆర్ మళ్లీ నడవదు! ఆ వీ ఫైల్‌లోనే వ్యూలను తిరిగి కట్టే లైన్లు కూడా పెట్టాల్సి వచ్చింది. అంత అందంగా ఏమీ లేదు. నడుస్తోంది.

రెండో అడ్డం: మార్పు కదలకుండా ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. చూస్తే అదే సర్వర్‌లో శుక్రవారం నుంచి తెరిచి ఉన్న పీజీఅడ్మిన్ కిటికీ ఒకటి, లావాదేవీ (జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే ఏదీ జరగనట్టే అనే డేటాబేస్ పని) మొదలుపెట్టి ముగించకుండా వదిలేసిన కనెక్షన్. ఎవరిదో చెప్పను, ఇంట్లో వాళ్లదే. పట్టికని మార్చే ఆల్టర్ టేబుల్‌కి పట్టిక మీద పూర్తి తాళం కావాలి. దాని వెనక వచ్చిన, డేటా చదివే మామూలు సెలెక్టులు కూడా వరుసలో నిలబడిపోతాయి. ఇదే సీజన్‌లో పొద్దున పదింటికి అయితే కాంటా దగ్గర రైతులు లైన్ కట్టేవాళ్లు. ఇప్పుడు ప్రతి ఫైల్ మొదట్లో తాళం కోసం అయిదు సెకన్లకంటే ఎక్కువ ఆగొద్దని లాక్ టైమవుట్ పెడుతున్నాం. దొరకకపోతే వెనక్కి తిరుగుతుంది. సగం మార్పు మిగలడం ఉండదు, పోస్ట్‌గ్రెస్‌లో పట్టికల మార్పులు కూడా లావాదేవీలో భాగమే. వెనకటి ఉద్యోగంలో మైఎస్‌క్యూఎల్‌తో ఈ సుఖం లేదు, అక్కడ ఆల్టర్ కొట్టగానే అది తనంతట తనే కమిట్ అయిపోతుంది. మధ్యలో ఆగితే మిగిలింది చేత్తో సర్దుకోవడమే.

ఆగస్టు 18

తొమ్మిది దుకాణాలు అయ్యాయి. ప్రతి రాత్రీ ఒక స్క్రిప్టు అన్ని సర్వర్ల స్కీమా తీసి, గిట్‌లో ఉన్నదానితో పోల్చి, తేడా ఉంటే పొద్దున మెయిల్ పంపుతుంది. ఎవరైనా పాత అలవాటు ప్రకారం లైవ్‌లో దిద్దితే పట్టుకోవడానికి. ఎవరైనా అంటే ఎవరో అందరికీ తెలుసు.

ఇవాళ పొద్దున మెయిల్ తెరిస్తే నాలుగు సర్వర్లు ఎర్రగా ఉన్నాయి. అన్న చేతులెత్తేశాడు: "నేనైతే కాదురా, ఒట్టు." నిజంగా కాదు. తేడా అంతా రెండు లైన్లే, డంప్ మొదట్లో రిస్ట్రిక్ట్, చివర్లో అన్‌రిస్ట్రిక్ట్ అని, పక్కన ఏదో పొడుగాటి గజిబిజి మాట. ఆ మాట ప్రతి రాత్రీ మారిపోతోంది. ఈ నెల 14న వచ్చిన పోస్ట్‌గ్రెస్ సెక్యూరిటీ అప్‌డేట్‌లో పెట్టారు: డంప్ ఫైల్‌లో ఎవరైనా దొంగ కమాండ్ ఇరికిస్తే, తిరిగి ఎక్కించేటప్పుడు పీఎస్‌క్యూఎల్ దాన్ని నడపకుండా ఉండడానికి. శని, ఆదివారాల్లో తమ్ముడు అప్‌డేట్ చేసిన నాలుగు సర్వర్లే ఎర్రబడ్డాయి. ఆ మాటని మనమే ఇచ్చుకునే ఆప్షన్ పీజీ డంప్‌లో అదే అప్‌డేట్‌తో వచ్చింది. పోలిక కోసం తీసే డంప్‌కి మాత్రం ఒకే మాట ఇచ్చాం. మామూలు బ్యాకప్‌కి ఇవ్వలేదు, అక్కడ అది ఊహకి అందకుండా ఉండడమే మంచిది.

సెప్టెంబరు 5

నిన్నటి పేపర్ నిండా జీఎస్టీయే. శ్లాబులు మారాయి, 22 నుంచి అమలు. మిర్చి, పత్తి లెక్కలకి మాకు పని లేదు కానీ, మా దుకాణాల్లో ముగ్గురికి పక్కనే ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. జీవ పురుగుమందులు, సూక్ష్మ పోషకాలు 12 నుంచి 5కి వచ్చాయి.

ఇదివరకైతే 21 రాత్రి మేం ముగ్గురం మూడు సర్వర్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. తమ్ముడు ఇవాళే వీ12 రాసి రివ్యూకి పంపాడు. పన్ను పట్టికలో 12 ఉన్న వరుసల్ని 5గా మార్చే అప్‌డేట్, మూడు లైన్లు. చూడటానికి సరిగ్గానే ఉంది. కానీ జూలైలో అమ్మిన మందుకి ఎవరైనా డూప్లికేట్ బిల్లు అడిగితే? మా బిల్లు ప్రింట్ రేటుని ఆ పట్టికలోంచే తీసుకుంటుంది. పాత బిల్లు కొత్త పన్నుతో వస్తుంది. రివ్యూలో అదే రాశాను. పాత వరుసని అలాగే ఉంచి, అమలు తేదీతో కొత్త వరుస చేర్చాలి, ఫంక్షన్ బిల్లు తేదీని చూసి రేటు ఎంచుకోవాలి. సాయంత్రానికి మార్చి పంపాడు. ఇలా రాస్తే 22 దాకా ఆగనక్కర్లేదు, ముందే ఎక్కించేయొచ్చు. ఈ పని మొదలుపెట్టిన తర్వాత ఒకరి డేటాబేస్ కోడ్ ఇంకొకరు చదివింది, నిజంగా చదివింది, ఇదే మొదటిసారి అనుకుంటా. అంతకుముందు చదవడానికి ఏముంది గనక.

సెప్టెంబరు 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. వీ12 వారం కిందే మూడు షాపుల్లో ఎక్కింది. సాయంత్రం పాపని తీసుకుని వేయిస్తంభాల గుడి వైపు వెళ్లాను, బండి పెట్టే జాగ దొరకలేదు. రాత్రి పన్నెండుకి అలవాటు కొద్దీ మెలకువ వచ్చి ఫోన్ చూశాను. అన్న గ్రూపులో ఒకే మెసేజ్ పెట్టాడు: "పండుకోండ్రి."

సెప్టెంబరు 27

పత్తి మొదలయ్యే టైము. అనుకున్న గడువు ఇదే. 14లో 13 అయ్యాయి.

పద్నాలుగోది ఒక కోల్డ్ స్టోరేజీ. అక్కడ పోస్ట్‌గ్రెస్ 9.6 ఉంది. 2021లోనే దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. క్రియేట్ ప్రొసీజర్ అనేది 11లో గానీ రాలేదు, మా ఫైళ్లలో ప్రొసీజర్లు ఏడున్నాయి. ఇన్నాళ్లూ అన్న ఆ ఏడింటినీ అక్కడ ఫంక్షన్లుగా మార్చి నడుపుతున్నాడట. ఈ సంగతి లెక్క తీసిన రోజే కనబడాలి, పేర్లు ఒకటే కాబట్టి కళ్లు జారిపోయాయి. ఆ ఒక్కదాని కోసం గిట్‌లో వేరే బ్రాంచ్ (కోడ్‌కి ఒక విడి దారి) పెడదామని తమ్ముడు అన్నాడు. వద్దన్నాను. అలా ఒకటి మొదలుపెడితే సంక్రాంతికి మళ్లీ తొమ్మిది రకాలవుతాయి. సర్వర్ మార్చమని ఓనర్‌ని అడగడానికి అన్న, నేను వెళ్లాం. లోపల మిర్చి బస్తాల ఘాటు, చలి, రెండూ కలిసి కళ్లల్లో నీళ్లు. ఆయన శాంతంగా విన్నాడు.

"చల్లటి మిషన్ నడుస్తున్నది కదా. కంప్యూటర్ గూడ నడుస్తున్నది. నడిచేదాన్ని ఎందుకు కదిలిస్తరు?"

దసరా అయినంక మాట్లాడదామన్నాడు. అప్పటిదాకా ఆ సర్వర్‌లో దిద్దే హక్కు అన్న ఒక్కడికే, దిద్దిన రోజే ఫైల్ కూడా పంపాలి. తిరిగొస్తుంటే దారిలోనే అన్న ఫోన్ తీసి ఆ ఏడు ఫంక్షన్లనీ నాకు వాట్సాప్ చేశాడు. గిట్‌లో పెట్టమని.